అయస్కాంతీకరణ కొలతల నుంచి పరివర్తన క్రమాన్ని నిర్ణయించడానికి ఆరాట్ రేఖల వాలు ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న

నేను మాంగనైట్ల (మాంగనీస్ ఆక్సైడ్ పదార్థాల) అయస్కాంత లక్షణాల మీద పరిశోధన చేస్తున్నాను. ఆక్సైడ్ పొడులను కలిపి నూరి, ఎక్కువ ఉష్ణోగ్రతలో పలుమార్లు కాల్చే పద్ధతిలో మూడు నమూనాలు తయారుచేశాను. మొదటిది మూడింట రెండు వంతుల లాంథనం, ఒక వంతు కాల్షియం ఉన్న మాంగనైట్. రెండవ దానిలో ఆ కాల్షియంలో పది శాతాన్ని తీసి ఆ స్థానంలో స్ట్రాన్షియం చేర్చాను. మూడవ దానిలో కాల్షియం అసలు లేదు, అంతా స్ట్రాన్షియమే. క్యూరీ ఉష్ణోగ్రతలు (అంతకు పైన పదార్థం ఫెర్రో అయస్కాంతత్వం పోయి పారా అయస్కాంతమవుతుంది) వరసగా 260, 280, 370 కెల్విన్ల దగ్గర వచ్చాయి.

ప్రతి నమూనాకూ క్యూరీ ఉష్ణోగ్రతకు ఇరువైపులా 3 కెల్విన్ల ఎడంతో, సున్నా నుంచి 5 టెస్లాల వరకు సమోష్ణ రేఖలు (ఒకే ఉష్ణోగ్రతలో క్షేత్రంతో అయస్కాంతీకరణ మారే తీరు) కొలిచి, అడ్డం మీద హెచ్/ఎం, నిలువు మీద ఎం² తీసుకుని ఆరాట్ పటాలు గీశాను. (హెచ్ అంటే క్షేత్రం, ఎం అంటే అయస్కాంతీకరణ.) కాల్షియం నమూనాలో క్యూరీ ఉష్ణోగ్రతకు కాస్త పైన ఉన్న రేఖలు మొదట ఎడమకు వంగి, తరువాత కుడికి తిరుగుతున్నాయి. అంటే వాలు కొంత మేర ఋణాత్మకం. స్ట్రాన్షియం నమూనాలో అన్ని వాలులూ ధనాత్మకమే. ఈ రెండింటి విషయంలో నాకు సందేహం లేదు. 1999లో మీరా, రివాస్ తదితరులు ఇదే కుటుంబంలో కాల్షియం వైపు మొదటి క్రమ పరివర్తన, స్ట్రాన్షియం వైపు రెండవ క్రమ పరివర్తన ఉంటాయని చూపించారు. (మొదటి క్రమంలో అయస్కాంతీకరణ ఒక్కసారిగా దూకుతుంది, గుప్తోష్ణం ఉంటుంది; రెండవ క్రమంలో అవిచ్ఛిన్నంగా మారుతుంది, గుప్తోష్ణం ఉండదు.)

చిక్కంతా మధ్య నమూనాతోనే వచ్చింది. వాలు ఎక్కడా ఋణాత్మకం కాలేదు, కానీ రేఖలు సరళరేఖలుగా లేవు. మొదట దాదాపు నిట్టనిలువుగా లేచి, ఆ తరువాత కుడివైపుకు ఒరిగిపోతున్నాయి. మరోవైపు, 100 ఓర్‌స్టెడ్ల క్షేత్రంలో నిమిషానికి 2 కెల్విన్ల చొప్పున చల్లబరుస్తూ, వేడిచేస్తూ తీసిన రెండు వక్రరేఖల మధ్య దాదాపు 2 కెల్విన్ల ఎడం కనిపించింది. హిస్టెరిసిస్ (చల్లబరిచేటప్పుడు, వేడిచేసేటప్పుడు పరివర్తన వేర్వేరు ఉష్ణోగ్రతల్లో జరగడం) ఉంటే మొదటి క్రమం అనాలి, వాలు ధనాత్మకమైతే రెండవ క్రమం అనాలి. నా వ్యాసాన్ని సమీక్షించినవారు సరిగ్గా ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపి, ఏదో ఒకటి తేల్చమన్నారు. ఏ ఆధారాన్ని నమ్మాలో, ఇంకేమి కొలవాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు 1

ముందుగా ఆ 2 కెల్విన్ల ఎడం సంగతి చూద్దాం. నిమిషానికి 2 కెల్విన్ల వేగంతో ఉష్ణోగ్రతను మారుస్తున్నప్పుడు, ఉష్ణమాపకం చూపే విలువకూ నమూనా లోపలి అసలు ఉష్ణోగ్రతకూ మధ్య ఆలస్యం తప్పదు. చల్లబరిచేటప్పుడు నమూనా కాస్త వేడిగా, వేడిచేసేటప్పుడు కాస్త చల్లగా ఉండిపోతుంది కాబట్టి, పదార్థంలో హిస్టెరిసిస్ ఏమాత్రం లేకపోయినా రెండు వక్రరేఖలూ విడిపోతాయి. దీన్ని తేల్చడం కష్టం కాదు. అదే కొలతను నిమిషానికి 1 కెల్విన్, 0.5 కెల్విన్ వేగాలతో మళ్ళీ చేసి, ఎడాన్ని వేగానికి ఎదురుగా గీసి, వేగం సున్నా అయ్యే చోటికి పొడిగించండి. అక్కడ మిగిలేదే పదార్థపు హిస్టెరిసిస్. మీ స్ట్రాన్షియం నమూనాను కూడా అదే బరువుతో, అదే హోల్డర్‌లో, అదే వేగాలతో కొలవండి. దాని పరివర్తన రెండవ క్రమానిదని మీకు ముందే తెలుసు కాబట్టి, అక్కడ కనిపించే ఎడమంతా పరికరం వల్ల వచ్చిందే. ఇటువంటి పోలిక నమూనా చేతిలో ఉండడం మీ అదృష్టం. లేనివాళ్ళు 293 కెల్విన్ల దగ్గర రెండవ క్రమ పరివర్తన ఉన్న గడోలినియాన్ని వాడుకోవచ్చు.

రెండవ విషయం, మీరు సమోష్ణ రేఖలను ఏ వరసలో కొలిచారో రాయలేదు. ఒక ఉష్ణోగ్రతలో 5 టెస్లాల వరకు వెళ్ళి, క్షేత్రాన్ని సున్నాకు తెచ్చి, నేరుగా తరువాతి ఉష్ణోగ్రతకు వెళ్ళారా, లేక ప్రతి రేఖకు ముందు నమూనాను పూర్తి పారా అయస్కాంత స్థితి వరకు వేడిచేసి తిరిగి చల్లబరిచారా? రెండవ క్రమ పరివర్తనలో ఈ తేడా పెద్దగా పట్టించుకోవలసినది కాదు. మొదటి క్రమంలో మాత్రం ముందటి కొలతలో క్షేత్రం బలవంతాన ఏర్పడిన ఫెర్రో అయస్కాంత భాగాలు, హిస్టెరిసిస్ వల్ల కరగకుండా తరువాతి కొలతలోకి చేరతాయి. నా పరిశోధన తొలి సంవత్సరాల్లో నేను ఈ పొరపాటే చేశాను. ఇనుము, సిలికాన్, లాంథనం మిశ్రమం ఒకదానిలో ఎంట్రోపీ మార్పు లెక్కగడితే సూదిమొనలాంటి శిఖరం వచ్చింది. అది గొప్ప ఫలితమనుకుని ఆరు నెలలు దాని చుట్టూ తిరిగాను. ప్రతి రేఖకూ ముందు నమూనాను వేడిచేసి, జ్ఞాపకాన్ని చెరిపేసి మళ్ళీ కొలిచినప్పుడు ఆ శిఖరం మాయమైంది. మీ మధ్య నమూనాకైతే సున్నా క్షేత్రంలో 330 కెల్విన్ల వరకు వేడిచేసి, కావలసిన ఉష్ణోగ్రతను దాటి కిందికి జారకుండా నెమ్మదిగా దిగి, ఐదు నిమిషాలు ఆగి కొలవండి. ఎడాన్ని కూడా 3 నుంచి 1 కెల్విన్‌కు తగ్గించండి. అంత వెడల్పయిన ఎడంతో ఋణాత్మక వాలు ఉన్న సన్నటి పరిధి రెండు రేఖల మధ్య జారిపోవచ్చు.

ఇంకొకటి. పెల్లెట్ ఆకారాన్ని బట్టి డీమాగ్నెటైజేషన్ సవరణ (నమూనా సొంత అయస్కాంతీకరణ లోపలి క్షేత్రాన్ని తగ్గించడాన్ని లెక్కలోకి తీసుకోవడం) చేశారా? అది చేయకుండా వాలు గురించి మాట్లాడడానికి నాకు ధైర్యం చాలదు.

జవాబు 2

పైన చెప్పిన కొలత జాగ్రత్తలన్నిటితోనూ ఏకీభవిస్తున్నాను, చివరి వాక్యం ఒక్కటి మినహా. లోపలి క్షేత్రం అంటే బయటి క్షేత్రం నుంచి ఎం విలువకు అనుపాతంలో ఉన్న ఒక మొత్తాన్ని తీసివేసినది. దాన్ని ఎం‌తో భాగిస్తే, హెచ్/ఎం నుంచి ఒక స్థిరసంఖ్య తీసివేసినట్లు అవుతుంది. అంటే మామూలు ఆరాట్ పటంలో ఈ సవరణ వల్ల పటమంతా ఏ మార్పూ లేకుండా ఎడమవైపుకు జరుగుతుంది. క్యూరీ ఉష్ణోగ్రత అంచనా మారుతుంది కానీ వాలు గుర్తు మారదు, వంపు కూడా మారదు. కాబట్టి క్రమాన్ని నిర్ణయించే ప్రశ్నకు ఇది అడ్డు కాదు. హెచ్/ఎం‌ను ఒక ఘాతానికి పెంచే సవరించిన ఆరాట్ పటాల్లోనూ, క్రిటికల్ ఘాతాంకాలు తీసేటప్పుడూ మాత్రం సవరణ తప్పనిసరి.

ఇక వాలు ఎందుకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో చూడాలంటే లాండౌ విస్తరణ దగ్గరకు వెళ్ళాలి. స్వేచ్ఛాశక్తిని ఎం యొక్క రెండవ, నాలుగవ, ఆరవ ఘాతాలలో విస్తరించి, సమతాస్థితి షరతు పెడితే, హెచ్/ఎం అనేది మూడు పదాల మొత్తంగా వస్తుంది: ఉష్ణోగ్రతతో మారే 'ఎ' అనే పదం, 'బి' రెట్ల ఎం², 'సి' రెట్ల ఎం⁴. 'బి' ధనాత్మకమైతే ఎం సున్నా నుంచి అవిచ్ఛిన్నంగా పెరుగుతుంది. ఋణాత్మకమైతే సున్నా దగ్గర ఒక లోయ, దానికి దూరంగా మరొక లోయ ఏర్పడి, ఎం ఒక్కసారిగా ఒకదాని నుంచి మరొకదానికి దూకుతుంది. 1957లో ఆరాట్ సూచించిన పటంలో తొలి వాలు గుర్తు ఈ 'బి' గుర్తే. 1964లో బెనర్జీ దాన్ని పరివర్తన క్రమానికి గీటురాయిగా నిలబెట్టారు. మాంగనైట్ల వంటి వాటిలో 'బి' ఎందుకు ఋణాత్మకమవుతుందన్నదానికి ఒక మార్గం 1962లో బీన్, రాడ్‌బెల్ మాంగనీస్ ఆర్సెనైడ్ కోసం చూపించారు: అయస్కాంత వినిమయ బలం స్ఫటిక ఘనపరిమాణం మీద ఆధారపడి, స్ఫటికం తగినంత మెత్తగా ఉంటే, అయస్కాంతీకరణ స్ఫటికాన్ని మారుస్తుంది, మారిన స్ఫటికం అయస్కాంతీకరణను మరింత పెంచుతుంది.

ఇప్పుడు మీ మధ్య నమూనాకు వద్దాం. 'బి' దాదాపు సున్నా అయిందనుకోండి. అప్పుడు హెచ్/ఎం నుంచి 'ఎ'ను తీసివేస్తే మిగిలేది ఎం⁴ పదం ఒక్కటే. అంటే ఎం² అనేది ఆ మిగులుకు వర్గమూలంగా పెరుగుతుంది. మొదట నిట్టనిలువుగా లేచి తరువాత కుడికి ఒరుగుతుంది. మీరు వర్ణించిన ఆకారం సరిగ్గా ఇదే. మొదటి క్రమం ముగిసి రెండవ క్రమం మొదలయ్యే ఈ చోటినే ట్రైక్రిటికల్ బిందువు అంటారు. అక్కడ క్రిటికల్ ఘాతాంకాలు బీటా 0.25, గామా 1, డెల్టా 5. (క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణోగ్రతతో ఎం మారే తీరును బీటా, ససెప్టిబిలిటీ మారే తీరును గామా, క్షేత్రంతో ఎం మారే తీరును డెల్టా చెబుతాయి.) ఇదే కుటుంబంలో కాల్షియాన్ని 0.4కు పెంచిన లాంథనం కాల్షియం మాంగనైట్‌లో 2002లో కిమ్, హెల్మన్ తదితరులు ఈ విలువలనే కనుగొన్నారు. అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని, నిలువు మీద ఎం²కు బదులు ఎం⁴ పెట్టి పటం మళ్ళీ గీయడం. గామా విలువ 1 కాబట్టి అడ్డం మీద హెచ్/ఎం అలాగే ఉంటుంది. రేఖలు సమాంతర సరళరేఖలైతే మీ సమీక్షకులు అడిగిన 'మొదటిదా, రెండవదా' అన్న ప్రశ్నకు జవాబు ఆ రెండింటి హద్దులో ఉందన్నమాట.

పటం గీసేటప్పుడు 0.2 టెస్లాల లోపు బిందువులను లెక్కలోకి తీసుకోకండి. అక్కడ మనం కొలిచేది డొమెయిన్ల (ఒకే దిశలో అయస్కాంతీకరణ ఉన్న చిన్న ప్రాంతాల) తిరుగుడే తప్ప లాండౌ చెప్పే ఎం కాదు.

జవాబు 3

ఎం⁴ పటం మంచి సూచన, కానీ దానిలో ఒక ఉచ్చు ఉంది. త్రిమితీయ హైజెన్‌బర్గ్ సిద్ధాంతంలో (రెండవ క్రమపు సాధారణ ఫెర్రో అయస్కాంతాన్ని వర్ణించేది) డెల్టా 4.8. ట్రైక్రిటికల్‌లో 5. క్యూరీ ఉష్ణోగ్రత దగ్గరి ఒక్క సమోష్ణ రేఖను మాత్రమే చూస్తే, ఈ రెండింటిలో ఏది అయినా ఎం² పటంలో దాదాపు ఒకే వంపు వస్తుంది; బహుళస్ఫటిక పెల్లెట్‌లో ఆ తేడాను వేరుచేయడం చాలా కష్టం. అంటే మీ నమూనా పూర్తి రెండవ క్రమపు సాధారణ ఫెర్రో అయస్కాంతమై ఉండి కూడా ఆరాట్ రేఖలు వంగి కనిపించవచ్చు. స్ట్రాన్షియం మాంగనైట్‌లో బీటా 0.37 దగ్గర వచ్చిన కొలతలు ఉన్నాయి. మీ మూడవ నమూనా రేఖలను మరొకసారి చూడండి, అవి కూడా కొంత వంగే ఉండాలి. 1967లో ఆరాట్, నోక్స్ నికెల్ కోసం ఘాతాలను మార్చి పటం గీయవలసి వచ్చింది కూడా ఇందుకే. బెనర్జీ గీటురాయి సగటు క్షేత్ర సిద్ధాంతం (పొరుగు అణువుల ప్రభావాన్ని సగటుగా లెక్కించేది) మీద నిలబడి ఉందన్న సంగతి మనం తరచుగా మరచిపోతాం.

వేరుచేయగలిగేవి మిగిలిన రెండు ఘాతాంకాలు. హైజెన్‌బర్గ్‌లో బీటా 0.365, గామా 1.386, ట్రైక్రిటికల్‌లో 0.25, 1. ఈ తేడా చిన్నది కాదు. కాబట్టి క్యూరీ ఉష్ణోగ్రతకు పైనా కిందా ఉన్న రేఖలన్నీ ఎం⁴ పటంలో సమాంతరంగా ఉన్నాయా అన్నది చూడాలి తప్ప, మధ్య రేఖ సరళంగా వచ్చిందని సంతృప్తి పడకూడదు.

దీనికంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగించిన పద్ధతి ఎంట్రోపీ మార్పు ద్వారా వెళ్ళేది. మీ దగ్గర ఉన్న దత్తాంశంతోనే ఇది చేయవచ్చు. మాక్స్‌వెల్ సంబంధం (ఉష్ణోగ్రతతో అయస్కాంతీకరణ మారే రేటు నుంచి ఎంట్రోపీ మార్పును ఇచ్చేది) ద్వారా ప్రతి ఉష్ణోగ్రతలోనూ, ప్రతి క్షేత్రానికీ ఎంట్రోపీ మార్పును లెక్కకట్టి, అది క్షేత్రంలో ఏ ఘాతంతో పెరుగుతోందో చూడండి. ఆ స్థానిక ఘాతాన్ని 'ఎన్' అంటారు. క్యూరీ ఉష్ణోగ్రతకు బాగా కింద 'ఎన్' విలువ 1 దగ్గర, బాగా పైన 2 దగ్గర ఉంటుంది. పైన 2 ఎందుకంటే పారా అయస్కాంత స్థితిలో ఎం క్షేత్రానికి అనుపాతంలో ఉంటుంది, ఎంట్రోపీ మార్పు క్షేత్రపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. రెండవ క్రమ పరివర్తనలో వక్రరేఖ 1 నుంచి కిందికి దిగి, క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర కనిష్ఠాన్ని తాకి, 2 వైపుకు నెమ్మదిగా లేస్తుంది. మొదటి క్రమంలో క్యూరీ ఉష్ణోగ్రతకు కాస్త పైన, క్షేత్రమే పరివర్తనను రగిలిస్తుంది. అది మొదలయ్యే క్షేత్రం వరకు ఎంట్రోపీ మార్పు అంతంతమాత్రంగా ఉండి, ఆ తరువాత వర్గం కంటే వేగంగా పెరుగుతుంది కాబట్టి 'ఎన్' 2ను దాటి పైకి పోయి తిరిగి దిగుతుంది. 2018లో లా, ఫ్రాంకో తదితరులు ఈ 2ను దాటడాన్నే మొదటి క్రమానికి గుర్తుగా ప్రతిపాదించారు. ఇందులో సగటు క్షేత్ర ఊహ అవసరం లేదు.

ఇక మీకు నేరుగా పనికివచ్చే అంకెలు ఇవి. క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర 'ఎన్' విలువ ఒకటికి, డెల్టాతో భాగించిన (1 − 1/బీటా)ను కలిపితే వస్తుంది. సగటు క్షేత్రానికి అది 0.67, హైజెన్‌బర్గ్‌కు 0.64, ట్రైక్రిటికల్‌కు 0.4. డెల్టాలో కలిసిపోయిన ఆ చివరి రెండు సిద్ధాంతాలు ఇక్కడ స్పష్టంగా విడిపోతున్నాయి.

రెండు జాగ్రత్తలు. నమూనాలో కూర్పు అంతటా ఒకేలా లేకపోతే, వేర్వేరు భాగాల క్యూరీ ఉష్ణోగ్రతలు వేర్వేరుగా ఉండి, మొదటి క్రమపు దూకుడును చదును చేస్తాయి. ఋణాత్మక వాలు, 2ను దాటడం రెండూ అణగిపోవచ్చు. పది శాతం స్ట్రాన్షియం వేసిన పెల్లెట్‌ను ఎన్నిసార్లు నూరి, ఎన్నిసార్లు కాల్చారో వ్యాసంలో తప్పక రాయండి. రెండవది, ఎంట్రోపీ మార్పు సున్నాను దాటి గుర్తు మారే చోట 'ఎన్' విలువ అర్థం లేకుండా ఎగసిపడుతుంది. మీ పదార్థాలలో ఆ ఇబ్బంది లేదు గానీ, ఫెర్రో, యాంటీఫెర్రో దశలు రెండూ ఉన్న పదార్థాల మీద ఇదే లెక్క చేసి కంగారుపడిన విద్యార్థులను చూశాను.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చేయడానికి మూడు వారాలు పట్టింది.

ఉష్ణోగ్రత వేగం సంగతి మీరు అనుమానించినట్లే అయింది. మధ్య నమూనాలో ఎడం నిమిషానికి 2 కెల్విన్ల వేగంలో 2 కెల్విన్లు, 1 కెల్విన్ వేగంలో 1, 0.5 కెల్విన్ వేగంలో దాదాపు 0.5, పొడిగిస్తే సున్నాకు చేరుతోంది. స్ట్రాన్షియం నమూనాలోనూ ఇవే విలువలు వచ్చాయి. కాల్షియం నమూనాలో మాత్రం 3.5 నుంచి 2 కెల్విన్ల వరకే తగ్గి, వేగం సున్నా దగ్గర 1.5 కెల్విన్లు మిగిలింది. అంటే నేను మధ్య నమూనాకు ఆపాదించిన హిస్టెరిసిస్ అసలు లేనేలేదు. సమోష్ణ రేఖలను కూడా వేడిచేయకుండా వరసగా కొలిచినట్లు ఒప్పుకోవాలి. ఈసారి ప్రతి రేఖకూ ముందు వేడిచేసి, 1 కెల్విన్ ఎడంతో తీశాను. మధ్య నమూనాలో అప్పుడు కూడా ఋణాత్మక వాలు రాలేదు.

ఎం⁴ పటంలో ఒక టెస్లాకు పైన రేఖలు మూడు, నాలుగు కెల్విన్ల పరిధిలో చక్కగా సమాంతరంగా ఉన్నాయి, ఆ పరిధి దాటితే కాస్త విచ్చుకుంటున్నాయి. 'ఎన్' కనిష్ఠం 0.45 దగ్గర ఉంది, 2ను ఎక్కడా దాటలేదు. కాల్షియం నమూనాలో అది 2ను స్పష్టంగా దాటింది. సమీక్షకులకు దీన్ని ఎలా చెప్పాలి? గుప్తోష్ణం కొలవకుండా ఒప్పుకుంటారా?

జవాబు 1

డీమాగ్నెటైజేషన్ విషయంలో నేను చెప్పినది సరికాదు. రెండవ జవాబు ఇచ్చినవారి వివరణ చదివాక నా పాత పటాలు తీసి చూసుకున్నాను, వాలు ఇసుమంతైనా మారలేదు.

గుప్తోష్ణం కొలవగలిగితే కొలవండి, కానీ సాధారణ రిలాక్సేషన్ పద్ధతిలో వచ్చే విశిష్టోష్ణపు అంకెను అలాగే తీసుకోకండి. ఆ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ నమూనాను కొద్దిగా వేడిచేసి, చల్లారే వక్రరేఖను ఘాతీయ ప్రమేయంతో సరిపోలుస్తుంది. ఆ చిన్న పరిధిలో గుప్తోష్ణం ఉంటే వక్రరేఖ ఆ ప్రమేయాన్ని అనుసరించదు, సాఫ్ట్‌వేర్ దాన్ని చదును చేసి ఒక వెడల్పాటి గుట్టగా చూపిస్తుంది. మొదటి క్రమపు నమూనా కూడా రెండవ క్రమపుదానిలా కనిపిస్తుంది. దానికి బదులు క్యూరీ ఉష్ణోగ్రతకు నాలుగైదు కెల్విన్లు కింద మొదలుపెట్టి, పరివర్తనను పూర్తిగా దాటించే పెద్ద వేడి పల్స్ ఇచ్చి, కాలంతో ఉష్ణోగ్రత ఎలా మారిందో ఆ ముడి దత్తాంశాన్నే తీసుకుని, బిందువు బిందువుకూ వాలు లెక్కకట్టండి. గుప్తోష్ణం ఉన్నచోట ఉష్ణోగ్రత పెరుగుదల మందగించి చిన్న మెట్టు కనిపిస్తుంది. కాల్షియం నమూనాలో ఆ మెట్టు కనిపించి, అదే రోజు అదే అమరికలో మధ్య నమూనాలో కనిపించకపోతే, సమీక్షకులకు అంతకంటే బలమైన ఆధారం చూపనక్కరలేదు.

జవాబు 3

0.45 అన్నది 0.4కు దగ్గరే గానీ 0.4 కాదు. ఆ కాస్త తేడాను దాచకుండా రాయండి. 'ఈ నమూనా పరివర్తన కొలత పరిమితుల లోపల రెండవ క్రమానిది, ట్రైక్రిటికల్ బిందువుకు సమీపంలో ఉంది' అన్న వాక్యం మీ దత్తాంశం భరించగలిగినంత బరువునే మోస్తుంది. 'ట్రైక్రిటికల్ కూర్పును కనుగొన్నాము' అనాలంటే స్ట్రాన్షియం ఐదు, ఏడు, పన్నెండు శాతాలతో మరో మూడు నమూనాలైనా తయారుచేసి, 'ఎన్' ఎక్కడ 2ను దాటడం మానేస్తుందో, కనిష్ఠం ఎక్కడ 0.4ను తాకుతుందో చూపించాలి. ఆ రెండూ ఒకే కూర్పు దగ్గర జరిగితే అది వేరే వ్యాసం అవుతుంది. నాకు మాత్రం అది చదవాలని ఉంది. ఐదు శాతం నమూనాను ముందు చేయండి, 0.5 నుంచి 1.5 టెస్లాల మధ్య బిందువులను దగ్గర దగ్గరగా తీసుకోండి; 2ను దాటడం ఉంటే తక్కువ క్షేత్రాల వైపే ముందు కనిపిస్తుంది.